తెల్ల గీత

ఫిబ్రవరి 3

పళ్ళ డాక్టరు కారు మళ్ళీ వచ్చింది. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ నడిచే స్పోర్ట్స్ కారు. యాభై దాటాక మోజుపడి కొనుక్కున్నాడు. అందులో కూర్చోవడం ఒక ఎత్తు, అందులోంచి లేవడం ఇంకో ఎత్తు. నేను చెయ్యి అందించకపోతే ఈపాటికి అందులోనే కాపురం పెట్టేవాడు.

"రెండు లైట్లూ వెలిగాయమ్మా. బ్రేకుదీ, ఆ జారిపోయే కారు బొమ్మదీ. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఊరుకుంది."

షెడ్డుకు వచ్చాక వెలగలేదు. వీధి చివరిదాకా తీసుకెళ్ళి వచ్చాను. అప్పుడూ వెలగలేదు. "నా దగ్గరికొచ్చే వాళ్ళూ ఇంతే, కుర్చీ ఎక్కగానే పంటి నొప్పి పోయిందంటారు" అని నవ్వాడు. స్కానర్ తగిలిస్తే మాత్రం లోపల రాసిపెట్టుకున్నది చెప్పేసింది. కుడి వెనక చక్రం సెన్సర్ నుంచి కబురు మధ్యమధ్యలో తెగిపోతోంది.

"అంటే?" అన్నాడు డాక్టరు.

"ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కారుకి తెలియట్లేదండీ. తెలియకపోతే సడన్ బ్రేకులో చక్రం బిగుసుకోకుండా చూసేది పనిచెయ్యదు, మలుపులో జారకుండా పట్టుకునేదీ పనిచెయ్యదు. అందుకే రెండు లైట్లూ కలిసి వెలుగుతున్నాయి."

సెన్సర్ ప్లగ్గులో దుమ్ముంది. తుడిచి, స్కానర్ చూపిన లోపం కోడ్ చెరిపి పంపించాను. ఆ చక్రానికి డిసెంబర్ నెలాఖరులో బేరింగ్ మార్చింది మామయ్యే. నట్టు మీద తెల్ల గీత ఉంది. అటు చూడాల్సిన పని లేదు.

ఫిబ్రవరి 5

అన్నం దగ్గర డాక్టరు కారు సంగతి చెబుతుంటే మా ఆయన అడిగాడు, ఆ తెల్ల గీత ఏంటి అని. షెడ్డు మీద మేడలో పుట్టి పెరిగిన మనిషి! ఒక్కనాడు మెట్లు దిగి కింద ఏం జరుగుతుందో చూసిన పాపాన పోలేదు. బ్యాంకుకు ఇస్త్రీ చొక్కా నలగకుండా వెళ్ళడం, నలగకుండా రావడం. వాళ్ళ నాన్న చేతి కింద రెంచి పట్టింది నేను, ఈయన కాదు.

చెప్పాను. నట్టుకు ఎంత బిగువు కావాలో రెంచి మీద పెట్టుకుంటాం. ఆ బిగువు అందగానే రెంచి టక్‌మంటుంది. టక్ విన్నాకే పెయింటు పెన్నుతో నట్టునీ, దాని కిందున్న హబ్‌నీ, అదే చక్రం తగిలించే ఇనుప దిమ్మనీ, కలుపుతూ గీత గీస్తాం. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. గీత పడిందంటే పని అయిపోయిందని. గీత పడ్డ నట్టు మీద ఈ షెడ్డులో ఇంకొకరు రెంచి పెట్టరు. పెళ్ళయిన కొత్తలో నేను తెలియక పెట్టాను. "నా చెయ్యి మీద నమ్మకం లేకపోతే నా దగ్గరేం నేర్చుకుంటావమ్మాయ్?" అని మామయ్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

"అంతేగానీ అది నిజంగా బిగిసిందో లేదో చూడరన్నమాట" అన్నాడు మా ఆయన.

బ్యాంకు బుద్ధి. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నాన్న నిన్న అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాడు, డాక్టరుకు చూపిద్దాం అని. వయసు అన్నాను. "నాకేదో తేడాగా ఉంది" అన్నాడు. పొద్దస్తమానం మామయ్య పక్కన ఉండేది నేను. తేడా ఉంటే నాకు తెలియదా?

ఫిబ్రవరి 6

లైట్లు మళ్ళీ వెలిగాయట. ఫోటో తీసి పంపాడు. ఆ బొమ్మలో చక్రాల వెనక వంకరటింకర గీతలు నన్ను వెక్కిరిస్తున్నట్టున్నాయి.

ఫిబ్రవరి 8

కుడి సెన్సర్ తీసి ఎడమకు పెట్టాను, ఎడమది కుడికి. లోపం సెన్సర్‌దే అయితే కోడ్ కూడా ఎడమకు మారాలి. గోడౌన్ల పక్కన ఎడమ వైపుకు తిరిగే పొడుగాటి మలుపు ఉంది. అక్కడ కాస్త వేగంగా తిప్పగానే రెండు లైట్లూ నా ముందే వెలిగాయి. దొరికావురా అనుకున్నాను. తీరా చూస్తే కోడ్ ఇంకా కుడి వెనక చక్రమే. సెన్సర్ కాదు. వైరు అయ్యుండాలి.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు రొట్టెల వ్యాన్ ఆగి ఉంది. బన్నన్నకు ఇంకో పేరేదో ఉంది, కానీ మామయ్య బన్నుగాడు అని పిలవడంతో నాకు బన్నన్న అయ్యాడు. రోజూ పొద్దున్నే కొట్లకు రొట్టెలు వేస్తూ మా గుమ్మం ముందు ఆగి, ఒక రొట్టె ఇచ్చి, మామయ్యతో కాసేపు కయ్యం ఆడి వెళతాడు. నాకు పెళ్ళయి ఎన్నేళ్ళో, ఆ వ్యాన్ వయసు అంతకంటే ఎక్కువ. దానికి హారన్ తప్ప అన్నీ మోగుతాయి.

మామయ్య ఎవరిదో స్కూటర్ ఇంజన్ విప్పుతున్నారు. "అమ్మాయ్, పదిహేడు స్పానర్ ఏదీ?" అన్నారు. అది ఆయన చేతిలోనే ఉంది.

"చేతిలో ఉన్నది గరిటా పెద్దాయనా?" అన్నాడు బన్నన్న. 

నేనూ నవ్వాను. మామయ్య చేతిలోకి చూసుకుని, కాసేపయ్యాక నవ్వారు. ఎవరికైనా అవుతుంది. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్ళు లేరా?

ఫిబ్రవరి 11

సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు మొత్తం చూశాను. ఎక్కడా తెగలేదు. అయినా కొత్త వైరు లాగాను. గోడౌన్ల మలుపులో మళ్ళీ వెలిగింది. ఎడమకు తిరిగితేనే వెలుగుతోంది, కుడికి తిరిగితే లేదు. ఎడమకు తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది.

బరువు పడితే ఏం కదులుతుంది?

మామయ్య ఆ నట్టు బిగించిన రోజు నేను ఇక్కడే ఉన్నాను. టక్ వినిపించిందా? వినిపించే ఉంటుంది. ఆ రోజు కంప్రెసర్ నడుస్తోంది, దాని రొదలో పక్కన పిడుగు పడ్డా వినపడదు.

ఫిబ్రవరి 12

బేరింగ్ కాదు. గీత ఉంది.

ఫిబ్రవరి 13

బ్యాటరీ చూశాను. టైర్ల సైజు చూశాను. స్టీరింగ్ కింద సెన్సర్ చూశాను. చుట్టంచూపుగా కారంతా తిరిగి వచ్చాను, ఒక్క చోట తప్ప.

మామయ్య పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, తాను మొదటిసారి గేర్‌బాక్స్ విప్పినప్పటి కథ చెప్పారు. నాకు వచ్చినంత బాగా ఆ కథ ఆయనకే రాదు. నిన్న చెప్పారు, మొన్న చెప్పారు. ఇవాళ కథ మధ్యలో ఆగి, "నీకు చెప్పానా ఇది?" అన్నారు.

"లేదు మామయ్యా, చెప్పండి" అన్నాను.

ఫిబ్రవరి 14

డాక్టరు వచ్చే వారం భార్యతో కొండ మీదికి వెళతాడట. అంతా మలుపుల దారి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. "ఆ లైట్లు వెలిగినా పరవాలేదా అమ్మా? బ్రేకులు పడుతున్నాయిగా" అని అడిగాడు. పరవాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. కారు ఇక్కడే వదిలి వెళ్ళమన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

భోజనాలయ్యాక మామయ్య పడుకున్నారు. మా ఆయన టీవీ ముందు. నేను కిందికి దిగి షట్టర్ సగం దించుకున్నాను.

కారు లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. కదిలింది. కదలకూడదు. చక్రం విప్పాను. నట్టు నడిమధ్య నుంచి హబ్ మీదికి తెల్ల గీత, నిన్న గీసినట్టే ఉంది, ఎక్కడా చీలలేదు. దాని ముందు కూర్చుని చాలాసేపు చూశాను. గుడిసెలో దూరిన దొంగలా అనిపించింది నాకు నేనే. తర్వాత రెంచి పెట్టాను.

రెంచి మీద బరువే పడలేదు. సీసా మూత తిరిగినట్టు తిరిగింది.

గీత చెక్కుచెదరలేదంటే చెదరదు మరి. ముందు గీత గీసి, బిగించడం మరిచిపోతే చీలడానికి ఏముంది? నట్టు ఉన్నచోటే ఉంది. దాని కింద బేరింగ్ వదులై, నలిగి, మలుపు తిరిగినప్పుడల్లా పక్కకు ఒరిగి సెన్సర్‌కు దూరం జరుగుతోంది. లోపల ఇనుము వేడికి నీలంగా మారిపోయింది. ఇంకొన్నాళ్ళు తిరిగితే చిట్లేది. కొండ మీద చిట్లేది.

కొత్త బేరింగ్ వేశాను. కొత్త నట్టు బిగించాను. టక్‌మంది. ఇంత పెద్ద శబ్దమా అది! మీద ఎవరైనా విన్నారేమోనని మెట్ల వైపు చూశాను. పెయింటు పెన్ను తీసుకుని మామయ్య గీసినట్టే గీత గీశాను. పాత నట్టు నా టూల్ పెట్టెలో అడుగున పెట్టాను.

ఒక్క నట్టు. మనిషన్నాక ఒక్కసారి మరిచిపోడా? ఇన్నేళ్ళలో ఒక్క నట్టు.

బన్నన్న వ్యాన్‌కు ముందు చక్రం బేరింగ్ మామయ్య వేసింది కూడా డిసెంబర్‌లో ఆ వారమే.

ఫిబ్రవరి 17

ఇవాళ జరిగింది రాయకుండా ఉంటే బాగుండు. రాయకపోతే నిద్ర పట్టదు.

డాక్టరు కారు కోసం వచ్చాడు. ఏం పోయింది అంటే సెన్సర్ అని చెప్పాను. సంతోషపడ్డాడు. మామయ్యకు ఒక అలవాటు ఉంది. బండి అప్పగించే ముందు వంగి, చక్రం మధ్య మూత తీసి, గీతను బొటనవేలితో ఒకసారి తడిమి మూత పెడతారు. నాకు గుర్తే లేదు ఆ సంగతి. ఇవాళా వంగారు, మూత తీశారు, తడిమారు. లేచేటప్పుడు నా వైపు చూశారు. డాక్టరు వెళ్ళాక అడిగారు.

"ఎవరు గీశారమ్మాయ్ అది?"

"మీరే మామయ్యా."

"నా గీత హబ్ మీద మొదలై నట్టు మీదికి ఎక్కుతుంది. పెయింటు బొట్టు నట్టు మీద ఆగుతుంది. ఇది పైనుంచి కిందికి దిగింది. ఎవరు చెయ్యి వేశారు నా నట్టు మీద?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. మేమిద్దరమే ఉన్నాం. నేను అన్న మాట ఇది: "మీరే గీశారు మామయ్యా. మర్చిపోయుంటారు."

ఆయన ముఖం ఎలా మారిందో రాయలేను. కోపం అక్కడికక్కడే పోయింది. కోపం ఉన్నా బాగుండేది. చేతులు తుడుచుకునే గుడ్డ కోసం వెతికారు. అది భుజం మీదే ఉంది. మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నాకు సిగ్గుగా ఉంది.

ఇదంతా కాకముందు పొద్దున బన్నన్న వచ్చాడు. "నా బండి ఈమధ్య పాటలు నేర్చుకుంది చెల్లెమ్మా. వేగం పెరిగేకొద్దీ శ్రుతి పెంచుతోంది" అన్నాడు. సాయంత్రం ఖాళీ బండి తీసుకురా అన్నా, చూస్తాను అన్నాను. మామయ్య స్టూలు మీంచే, "దానికేంరా, నేను చేసిన చక్రం. నీ గొంతు కంటే అదే నయం" అన్నారు. బన్నన్న పగలబడి నవ్వి వెళ్ళిపోయాడు. సాయంత్రం రాలేదు.

ఫిబ్రవరి 18

మామయ్య కిందికి దిగలేదు. బన్నన్న వచ్చాడు. "పెద్దాయనకు ఒంట్లో బాలేదా?" అన్నాడు. 

వ్యాన్ గుమ్మం ముందే ఉంది. జాకీ నా కాళ్ళ దగ్గరే ఉంది. తలెత్తి చూస్తే పైన కిటికీలో మామయ్య. నిన్న ఆ మాట అన్నాక, ఇవాళ ఆయన చూస్తుండగా ఆయన చేసిన చక్రం ఎలా విప్పను? విప్పి నట్టు వదులుగా ఉంటే, అదీ ఆయన కళ్ళ ముందే ఉంటే? ఆ మనిషి ఇక లేవడు.

పైగా వ్యాన్ నిండా రొట్టెలు. కొట్లవాళ్ళు ఎదురుచూస్తుంటారు. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 19

వాన. బన్నన్న దిగకుండానే రొట్టె అందించి వెళ్ళాడు. రేపు.

ఫిబ్రవరి 20

మామయ్య దిగారు! నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. మొన్నటి గొడవ ఊసే లేదు. గుర్తు లేదో, లేనట్టు ఉన్నారో నాకు అక్కర్లేదు. ఒకటి మాత్రం నిజం, నాకు ప్రాణం లేచొచ్చింది. బన్నన్న రాగానే, రొట్టె మీద పడ్డ ఈగ కథ చెప్పి నవ్వించారు. బన్నన్న వ్యాన్ ఎక్కబోతుంటే మళ్ళీ పిలిచి అదే కథ చెప్పారు. బన్నన్న రెండోసారి కూడా అంతే గట్టిగా నవ్వాడు. నవ్వుతూ నా కళ్ళలోకి చూశాడు. అతనికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో.

వ్యాన్ వీధి మలుపు తిరిగేదాకా ఆ రొద వినిపించింది. లోడు ఎక్కువ.

డాక్టరు కారుకు ఎన్ని దీపాలు! ఒక చక్రం కాస్త ఒరిగితే ఇంట్లో వాళ్ళందరినీ నిద్ర లేపినట్టు లేపుతుంది. ఈ వ్యాన్‌కు పాపం పెట్రోలు ముల్లు కూడా పనిచెయ్యదు.

రేపు ఏమైనా సరే. మామయ్యను మందుల షాపుకు పంపి విప్పుతాను.

ఫిబ్రవరి 21

ఇవాళ వ్యాన్ రాలేదు.

"బన్నుగాడు రాలేదేంటమ్మాయ్?" అని మామయ్య గుమ్మంలోకీ లోపలికీ తిరిగారు. ఆలస్యమై ఉంటుంది అన్నాను. రెంచి, సాకెట్టు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. మామయ్యను మందుల షాపుకు పంపాను కూడా.

ఆయన చేతిలో మందులు లేకుండా తిరిగి వచ్చారు. షాపతను చెప్పాడట. వంతెన దిగే చోట, ముందు చక్రం వాలిపోయి, వ్యాన్ గోడకు కొట్టుకుందట. రొట్టెలన్నీ రోడ్డు మీద ఉన్నాయట.

ఫిబ్రవరి 22

ఆసుపత్రికి వెళ్ళాను. లోపలికి పంపలేదు. అతని భార్య వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో అతని చెప్పులు, ఒక గుడ్డలో చుట్టి. నన్ను చూడగానే జరిగి చోటిచ్చింది.

"మీ షెడ్డులోనే కదమ్మా చక్రం చేయించాడు. పాట పాడుతోంది, ఇంకెక్కడైనా చూపించవయ్యా అంటే వినలేదు. పెద్దాయన చెయ్యి పడ్డాక ఇంకొకడు ముట్టుకుంటే ఆయన నొచ్చుకుంటాడు అన్నాడు."

ఆమె నన్ను నిందించడం లేదు. ఊరికే చెబుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని పట్టుకున్నానో.

ఫిబ్రవరి 24

బండ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒక ప్లాస్టిక్ సంచిలోంచి హబ్ తీసి బల్ల మీద పెట్టాడు. నలిగి, నల్లబడి, మధ్యలో నట్టు. నట్టు మీంచి హబ్ మీదికి తెల్ల గీత.

"ఇది మీ షెడ్డు గుర్తేనా?"

నేను నోరు తెరిచేలోపు మామయ్య ముందుకు వచ్చారు. బొటనవేలితో తడిమారు. ముఖం వెలిగింది.

"నా గీతే. చూడండి, కింద మొదలై పైన ఆగింది. ఈ గీత ఉన్న నట్టు ఊడదండీ."

ఇన్‌స్పెక్టర్ మంచివాడిలాగే ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "ఊడలేదు పెద్దాయనా. అసలు బిగించనేలేదు. నేను చేత్తో తిప్పాను."

మామయ్య నా వైపు చూశారు, నేను ఏదో సర్దిచెబుతానన్నట్టు. ఇన్‌స్పెక్టర్ కూడా నా వైపే తిరిగాడు. "ఈమధ్య ఇలాంటిది ఇంకేదైనా బండిలో మీ దృష్టికి వచ్చిందా అమ్మా?"

లేదన్నాను.

నా టూల్ పెట్టె ఆయన మోచేతి పక్కనే ఉంది.

ఫిబ్రవరి 25

పోయాడు.

ఫిబ్రవరి 27

మా ఆయనకు చెప్పాను. అంతా. పదహారో తారీఖు నుంచి ఇరవై దాకా. పాత నట్టు తీసి చేతిలో పెట్టాను. ఇస్త్రీ చొక్కాకు మరకైంది, చూసుకోలేదు.

"నాన్నకు బాగోలేదని నేను చెప్పినప్పుడు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాట పూర్తిచేసి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. తిడితే పడదామని కూర్చున్నాను. తిట్టలేదు. "ఇంకా ఎన్ని బండ్లున్నాయి?" అన్నాడు.

అది నేను అడగాల్సిన ప్రశ్న. నలిగిన బేరింగ్ చూసిన రోజే అడగాల్సింది. నాకు ఒక్క వ్యాన్ గుర్తొచ్చింది, ఆ ఒక్కదాన్నే రేపు రేపు అనుకుంటూ కూర్చున్నాను. మిగతావి తలచుకోవడానికే ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం దాకా ఇద్దరం ఫోన్లు చేశాం. చలికాలం మొదలైనప్పటి నుంచి మామయ్య చేతిలో పడ్డ ప్రతి బండీ ఆపమని చెప్పాం. తర్వాత ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి నట్టు బల్ల మీద పెట్టాను. నాకు ముందే తెలుసు అని చెప్పాను. ఎన్నాళ్ళ ముందు అని అడిగాడు. చెప్పాను. అతను కలం ఆపి నన్ను చూశాడు. ఆ చూపు బన్నన్న భార్య చూడాల్సింది. ఆమెకూ చెప్పాలి.

షట్టర్ దించడానికి మా ఆయన దిగాడు. అది ఎడమ పక్క పట్టేస్తుంది, కాస్త ఎత్తి లాగాలి. ఆయనకు తెలియదు. నేనే దించాను.

మార్చి 1

ఆమెకు చెప్పాను. తలుపు వేసేసుకుంది.

మార్చి 4

వెనక్కి వచ్చిన బండ్లలో ఇంకొక కారుకు నట్టు వదులుగా ఉంది. చిన్న పిల్లలున్న ఇంటివాళ్ళది. రోజూ బడికి అందులోనే వెళతారట. పక్క వీధి మెకానిక్ బిగించాడు.

మామయ్యను మా ఆయన డాక్టరుకు చూపించి తీసుకొచ్చాడు. మతిమరుపు జబ్బు. మా ఆయన అనుకున్నదే. నేను అనుకోనన్నదే.

మార్చి 6

మామయ్య పొద్దున్నే తయారై దిగారు. మూసిన షట్టర్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"బన్నుగాడు రాలేదేంటమ్మాయ్ ఇవాళ?"

ఇన్‌స్పెక్టర్ వచ్చింది గుర్తు లేదు. ఏదీ గుర్తు లేదు. దాచినందువల్ల ఏమైందో చూశాను కదా, ఇక దాచకూడదనుకున్నాను. పక్కన కూర్చుని చెప్పాను. చక్రం వాలిపోయింది మామయ్యా, బన్నన్న పోయాడు అని.

చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పళ్ళు కొరుకుతూ అడిగారు. "ఎవడు బిగించాడు ఆ నట్టు?"

"నేనే మామయ్యా."

నా వైపు తిరిగారు.

"నేను నీకు అలా నేర్పలేదే" అన్నారు.

మార్చి 7

మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే ఏడుపు, కొత్తగా.

మార్చి 8

అడిగారు. చెప్పాను. మా ఆయన మెట్ల మీంచి చూసి, "రోజూ చంపుతావా ఆయన్ని?" అన్నాడు.

మార్చి 9

ఎండ బాగా కాసింది. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నారు. జేబులో పెయింటు పెన్ను ఉంది. నేను తీయలేదు.

"బన్నుగాడు రాలేదేంటమ్మాయ్ ఇవాళ?"

"వచ్చి వెళ్ళాడు మామయ్యా. మీరు ఇంకా లేవలేదు."

"బండి పాట పాడుతోందన్నాడు మొన్న. చూశావా?"

ఇదెలా గుర్తుందో.

"చూశాను. నేనే ఆపాను. రొట్టెలు ఆలస్యమైతే అయ్యాయి, కదలనివ్వను అన్నాను. చక్రం విప్పి, నట్టు మీద రెంచి పెట్టాను."

"నా గీత మీదే?"

"మీ గీత మీదే. కోప్పడకండి."

ఆయన తల ఊపారు, మంచి పని చేశావన్నట్టు. తర్వాత కాస్త ముందుకు వంగి, రహస్యం అడుగుతున్నట్టు అడిగారు.

"టక్‌మందా?"

"టక్‌మంది మామయ్యా" అన్నాను.